హైదరాబాద్ నుంచి వైజాగ్ ఎంత దూరం? విమానం లెక్క, రోడ్డు లెక్క, ఇంటి నుంచి ఇంటికి లెక్క

పోయిన పెళ్ళిళ్ళ సీజన్‌లో మా బాబాయి వాళ్ళు కూకట్‌పల్లి నుంచి కారులో వైజాగ్ బయల్దేరారు. నెట్‌లో చూస్తే 503 కిలోమీటర్లు అని వచ్చిందట. గంటకు డెబ్భై వేసుకున్నా ఏడు గంటలే కదా, తొమ్మిదింటికి టిఫిన్ చేసి కదిలినా సాయంత్రం కాఫీ వేళకు విడిదిలో ఉంటాం అనుకున్నారు. రాత్రి ఎనిమిదిన్నరకు ముహూర్తం. వైజాగ్‌లో పెళ్ళి మండపంలో జీలకర్ర బెల్లం పెట్టేటప్పటికి వాళ్ళు ఇంకా తుని దగ్గరే ఉన్నారు. పిన్ని ఫోన్‌లో ఏడ్చేసింది.

ఆ 503 తప్పుడు అంకె కాదు. కాకపోతే అది పక్షి ఎగిరే దూరం, కారు తిరిగే దూరం కాదు. ఈ రెంటికీ మధ్య ఉన్న తేడా దాదాపు 120 కిలోమీటర్లు, అంటే రెండు గంటల ప్రయాణం. అందుకే ఈ లెక్కలన్నీ మొదటి నుంచి చివరి దాకా ఒకచోట పెడుతున్నాను. హైదరాబాద్–వైజాగ్‌నే ఉదాహరణగా తీసుకుంటున్నా, పద్ధతి మాత్రం ఏ రెండు ఊళ్ళకైనా పనికొస్తుంది.

1. ముందు మీకు ఏ దూరం కావాలో తేల్చుకోండి

ఒకే రెండు ఊళ్ళ మధ్య కనీసం నాలుగు దూరాలు ఉంటాయి. నెట్‌లో "దూరం" అని కొడితే వాటిలో ఏదో ఒకటి వస్తుంది, ఏది వచ్చిందో చాలాసార్లు స్పష్టంగా చెప్పరు.

ఊరి నుంచి ఊరికి గీత గీసినట్టు సూటిగా కొలిస్తే 503 కి.మీ. దీన్నే ఏరియల్ డిస్టెన్స్ అంటారు. శంషాబాద్ విమానాశ్రయం నుంచి వైజాగ్ విమానాశ్రయానికి సూటిగా కొలిస్తే 511 కి.మీ. విజయవాడ మీదుగా రోడ్డున వెళ్తే 620 నుంచి 625. సికింద్రాబాద్ నుంచి రైల్లో అయితే 699, ఎందుకంటే రైలు ముందు కాజీపేట వైపు ఎక్కి, వరంగల్, ఖమ్మం మీదుగా విజయవాడకు దిగి, అక్కడి నుంచి మళ్ళీ పైకి వెళ్తుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. వెబ్‌సైట్లకు "హైదరాబాద్" అంటే కోఠి చుట్టుపక్కల ఒక చుక్క మాత్రమే. మీ ఇల్లు గచ్చిబౌలిలోనో మియాపూర్‌లోనో ఉంటే ఊరు దాటడానికే గంట పడుతుంది. అదే ఎల్‌బీ నగర్, హయత్‌నగర్ వాళ్ళయితే గేటు తీస్తే విజయవాడ హైవే. వైజాగ్ చివర కూడా అంతే. గాజువాకలో దిగేవాళ్ళకూ మధురవాడ దాకా వెళ్ళేవాళ్ళకూ ఊళ్ళోనే చాలా తేడా వస్తుంది. అందుకని ఊరి పేర్లు కొట్టకుండా రెండు ఇళ్ళ చిరునామాలూ పెట్టి చూడండి.

2. సూటి దూరం మీరే లెక్కేసుకోండి

కాగితం, ఫోన్‌లో క్యాలిక్యులేటర్ ఉంటే చాలు. మ్యాప్‌లో ఒక చోట వేలు నొక్కి పట్టుకుంటే ఆ చోటి అక్షాంశం, రేఖాంశం కనిపిస్తాయి. హైదరాబాద్‌కు 17.385, 78.487. వైజాగ్‌కు 17.687, 83.218. రెండింట్లోనూ మొదటిది అక్షాంశం, రెండోది రేఖాంశం.

అక్షాంశాల తేడా 0.302. ఒక డిగ్రీ అక్షాంశం ఎక్కడైనా దాదాపు 111 కి.మీ. కాబట్టి హెచ్చిస్తే 33.5 వస్తుంది. అంటే వైజాగ్ మనకన్నా ఉత్తరంగా ఉన్నది ఆ కాస్తే.

రేఖాంశాల తేడా 4.731. ఇక్కడే చాలామంది పొరపాటు పడి దీన్ని కూడా 111తో హెచ్చిస్తారు. రేఖాంశ రేఖలు ధ్రువాల వైపు వెళ్ళేకొద్దీ దగ్గరవుతాయి కాబట్టి మన అక్షాంశం దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం 106 కి.మీ. మాత్రమే ఉంటుంది (111ని ఆ అక్షాంశపు కొసైన్‌తో హెచ్చిస్తే వచ్చేది). 4.731ని 106తో హెచ్చిస్తే 501.5.

ఇక బళ్ళో చెప్పిన పైథాగరస్. 33.5 వర్గం, 501.5 వర్గం కూడి వర్గమూలం తీస్తే 502.6, అంటే దాదాపు 503. నెట్‌లో వచ్చే అంకె ఇదే.

లెక్క వద్దనుకుంటే గూగుల్ మ్యాప్స్‌లో చోటును నొక్కి పట్టుకుని, వివరాలు వచ్చాక "దూరాన్ని కొలవండి" అన్న ఆప్షన్ ఎంచుకుని, మ్యాప్‌ను రెండో ఊరి దాకా జరిపితే అదే చూపిస్తుంది. మైళ్ళలో కనిపిస్తే 1.609తో హెచ్చించండి. విమానాల వాళ్ళు వాడే నాటికల్ మైళ్ళయితే 1.852తో.

ఈ చదునైన లెక్క మన రెండు రాష్ట్రాల లోపల బాగా సరిపోతుంది కానీ అమెరికా లాంటి దూరాలకు అస్సలు పనికిరాదు. హైదరాబాద్ నుంచి డాలస్‌కు భూగోళం మీద సూటి దారి దాదాపు 14,400 కి.మీ. ఆ గీత దాదాపు ఉత్తర ధ్రువం పక్కగా పోతుంది! గోడకు తగిలించిన మ్యాప్ చూసి ఆ దారి ఊహించడం ఎవరివల్లా కాదు, అలాంటివాటికి భూమి గుండ్రాన్ని లెక్కలోకి తీసుకునే గ్రేట్ సర్కిల్ క్యాలిక్యులేటర్ వాడండి.

3. విమానం 511 కి.మీ. ఎంతసేపట్లో వెళ్తుంది

జెట్ విమానం పైన గంటకు 800 కి.మీ. వేగంతో వెళ్తుంది కదా, 511 అంటే నలభై నిమిషాలు కూడా పట్టకూడదు. మరి టికెట్ మీద గంటా పది, గంటా పావు అని ఎందుకు ఉంటుంది?

ఎందుకంటే ఆ వేగం పైకి ఎక్కాకే. ఇంత చిన్న దూరంలో ఎక్కడం, దిగడమే ఎక్కువ, పైన సమంగా పరుగెత్తేది కొద్దిసేపే. పైగా శంషాబాద్ రన్‌వే తూర్పు పడమరలుగా ఉంది. గాలిని బట్టి పడమటికి లేవాల్సి వస్తే విమానం చుట్టూ తిరిగి తూర్పు దారి పట్టాలి, అది కూడా దూరమే. దిగేటప్పుడు వరసలో నిలబెడితే మరికొంత. టికెట్ మీద రాసే సమయం విమానం గేటు నుంచి కదిలినప్పటి నుంచి అక్కడ గేటు దగ్గర ఆగేదాకా, ట్యాక్సీయింగ్ (నేల మీద నడిచేది) కూడా కలిపే. ఏటీఆర్ లాంటి ఫ్యాను విమానం అయితే దాని వేగం గంటకు 500 చిల్లర కాబట్టి ఇంకాస్త పడుతుంది. బుక్ చేసేటప్పుడు ఏ విమానమో రాసి ఉంటుంది, చూసుకోండి.

కానీ అసలు సమయం గాల్లో పోదు, నేల మీదే పోతుంది. కూకట్‌పల్లి నుంచి శంషాబాద్‌కు ఔటర్ రింగ్ రోడ్డు మీద వెళ్ళినా గంటా పావు వేసుకోవాలి. దేశీయ విమానాలకు చెకిన్ కౌంటర్ సాధారణంగా గంట ముందే మూసేస్తారు, అందుకని లగేజీ ఉంటే గంటా ముప్పావు ముందు అక్కడ ఉండాలి. చేతిసంచి ఒక్కటే ఉండి డిజీయాత్ర (ముఖం చూపించి లోపలికి వెళ్ళే యాప్) పెట్టుకుంటే అరగంట తగ్గించుకోవచ్చు. విమానం గంటా పావు. దిగాక బెల్టు దగ్గర సామాను కోసం అరగంట. అక్కడి నుంచి ఎంవీపీ కాలనీకి నలభై నిమిషాలు. కూడితే ఇంటి నుంచి ఇంటికి అయిదున్నర గంటలకు దగ్గరగా వస్తుంది. "గంటలో వైజాగ్" అని ఎవరైనా అంటే నమ్మి పని పెట్టుకోకండి.

భోగాపురం విమానాశ్రయం విషయం కూడా గుర్తుంచుకోండి. ఇప్పటిదాకా మనకు తెలిసిన వైజాగ్ విమానాశ్రయం నేవీ వారి ఐఎన్ఎస్ డేగాలో భాగం, ఊళ్ళోనే ఉన్నట్టు లెక్క. భోగాపురం నగరానికి దాదాపు 45 కి.మీ. అవతల, విజయనగరం జిల్లాలో. శంషాబాద్ నుంచి సూటి దూరం ఓ 30 కి.మీ. పెరిగినా విమానానికి అది లెక్కలోకి రాదు, మీ టాక్సీకి మాత్రం చాలా వస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం వెళ్ళేవాళ్ళకు మంచిదే. గాజువాక, అనకాపల్లి వాళ్ళు దిగాక మరో గంటన్నర వేసుకోవాలి. అందుకని టికెట్ మీద ఏ విమానాశ్రయం రాసి ఉందో చూడండి.

4. రోడ్డు 620 ఎందుకయింది

నాకు ఈ మొత్తంలో బాగా నచ్చే భాగం ఇదే. మ్యాప్ తెరిచి హైదరాబాద్, వైజాగ్ మధ్య గీత గీయండి. ఆ గీత ఖమ్మం ప్రాంతం మీదుగా పోతుంది. కానీ మన పెద్ద రోడ్డు దక్షిణానికి దిగి, విజయవాడలో కృష్ణను తాకి, అక్కడ మలుపు తిరిగి తీరం వెంబడి ఈశాన్యానికి ఎక్కుతుంది.

ఆ మలుపు ఖరీదు ఎంతో చూద్దాం. హైదరాబాద్–విజయవాడ సూటిగా 250. విజయవాడ–వైజాగ్ సూటిగా 303. మొత్తం 553. అంటే విజయవాడ వెళ్ళి తిరిగినందుకే 50 కి.మీ. పెరిగింది. రోడ్డు మీద అవే రెండు ముక్కలు సుమారు 275, 350. ఆ మిగతా 70 రోడ్డు వంపులది, బైపాస్‌లది, గోదావరి దాటడానికి వంతెన ఉన్న చోటికి వెళ్ళడానిది.

మొత్తంగా 620ని 503తో భాగిస్తే 1.23 వస్తుంది. ఈ అంకె గుర్తుపెట్టుకోండి. సూటి దూరం తెలిసి రోడ్డు దూరం తెలియనప్పుడు 1.2 నుంచి 1.3తో హెచ్చిస్తే మన దగ్గర చాలావరకు సరిపోతుంది. అడవులు, కొండలు అడ్డం ఉంటే ఎక్కువవుతుంది. హైదరాబాద్–తిరుపతి సూటిగా 430 మాత్రమే, కానీ నల్లమలను తప్పించుకుంటూ కర్నూలు, కడప మీదుగా వెళ్ళాలి కాబట్టి రోడ్డు 550 దాటుతుంది.

5. ఏ రోడ్డున వెళ్ళాలి

అందరూ వెళ్ళే దారి విజయవాడ దారే. పెద్దఅంబర్‌పేట దగ్గర ఔటర్ దిగితే ఎన్‌హెచ్ 65. చౌటుప్పల్, నార్కట్‌పల్లి, నకిరేకల్, సూర్యాపేట, కోదాడ, నందిగామ, గొల్లపూడి. నగరం పడమటి వైపు వాళ్ళు ఊరు మధ్యలోంచి పోకుండా ఔటర్ పట్టండి. కిలోమీటర్లు పెరుగుతాయి, సమయం తగ్గుతుంది. తెల్లవారుజామున అయితే ఊరి మధ్యలోంచి వెళ్ళినా పర్వాలేదు.

విజయవాడ ఊళ్ళోకి వెళ్ళకండి. గొల్లపూడి దగ్గర పశ్చిమ బైపాస్ పట్టుకుంటే చిన్నఅవుటపల్లి దగ్గర, అంటే గన్నవరం దాటాక, ఎన్‌హెచ్ 16లో కలుస్తారు. బెంజ్ సర్కిల్, రామవరప్పాడు రింగ్ దగ్గర గంటసేపు నిలబడే బాధ తప్పుతుంది. మా బాబాయి వాళ్ళు ఊళ్ళోంచి వెళ్ళారు, సగం ఆలస్యం అక్కడే అయింది.

తర్వాత హనుమాన్ జంక్షన్, ఏలూరు బైపాస్. గుండుగొలను దగ్గర దారి రెండుగా చీలుతుంది, ఇది తెలియక చాలామంది తికమకపడతారు. ఒకటి పాత దారి, తాడేపల్లిగూడెం, తణుకు, రావులపాలెం మీదుగా. ఇంకోటి దేవరపల్లి, కొవ్వూరు మీదుగా నాలుగు వరసల రోడ్డు. సూటిగా వైజాగ్ వెళ్ళేవాళ్ళకు దేవరపల్లి దారే హాయి, ఊళ్ళు తక్కువ. కోనసీమ చుట్టాలను పలకరించాలన్నా, కడియం నర్సరీల్లో మొక్కలు కొనాలన్నా రావులపాలెం దారి. తిరుగు ప్రయాణంలో అయితే అదే మంచిది, వెళ్ళేటప్పుడు మొక్కలు కొంటే డిక్కీలో వాడిపోతాయి.

రాజమండ్రి దాటాక జగ్గంపేట, కత్తిపూడి, అన్నవరం, తుని, నక్కపల్లి, యలమంచిలి, అనకాపల్లి. అనకాపల్లి దగ్గర ఇంకోసారి ఆలోచించండి. గాజువాక, ఎన్ఏడీ వైపయితే నేరుగా వెళ్ళండి. మధురవాడ, విజయనగరం, శ్రీకాకుళం వెళ్ళేవాళ్ళు ఊళ్ళోకి రాకుండా సబ్బవరం, పెందుర్తి మీదుగా ఆనందపురం వెళ్ళే ఆరు వరసల రోడ్డు పట్టాలి. సుమారు 50 కి.మీ., ఎక్కడా ఆగక్కర్లేదు.

రెండో దారి ఖమ్మం దారి. సూర్యాపేట దగ్గర ఎడమకు తిరిగి ఖమ్మం, అక్కడి నుంచి దేవరపల్లికి సుమారు 162 కి.మీ. గ్రీన్‌ఫీల్డ్ హైవే, అంటే పాత రోడ్డును వెడల్పు చేయకుండా పొలాల్లోంచి కొత్తగా వేసిన రోడ్డు. పైన గీసిన సూటి గీత గుర్తుందా? ఈ రోడ్డు విజయవాడ దారికన్నా దానికి దగ్గరగా పోతుంది, అందుకే విజయవాడ మలుపు తప్పి నలభై కిలోమీటర్ల దాకా తగ్గుతాయి. బయల్దేరే రోజు ఏ ముక్క తెరిచి ఉందో మ్యాప్‌లో చూసుకుని వెళ్ళండి. పాత సత్తుపల్లి, అశ్వారావుపేట, జంగారెడ్డిగూడెం రోడ్డు అందంగా ఉంటుంది కానీ రాత్రిపూట, పిల్లలతో నేనైతే వెళ్ళను.

వానాకాలం గురించి గట్టిగా చెప్పాలి. 2023 జూలైలో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మీదకే నీళ్ళొచ్చాయి, హైదరాబాద్–విజయవాడ రాకపోకలు ఆగిపోయాయి. 2024 సెప్టెంబర్ మొదట్లో వరదలకు మళ్ళీ అదే పరిస్థితి. అలాంటప్పుడు నందిగామ దాకా వెళ్ళి ఇరుక్కోకుండా నార్కట్‌పల్లి దగ్గరే తిరిగి మిర్యాలగూడ, దాచేపల్లి, పిడుగురాళ్ళ, గుంటూరు మీదుగా విజయవాడ చేరాలి. దూరం పెరుగుతుంది, అయినా అదే నయం. ఖమ్మంలో కూడా మున్నేరే కాబట్టి ఆ రోజుల్లో ఖమ్మం దారిని నమ్ముకోకండి.

6. కిలోమీటర్లను గంటల్లోకి మార్చడం

స్పీడోమీటర్‌లో 90 కనిపిస్తోంది కదా అని 620ని 90తో భాగించకండి. టోల్ గేట్లు, ఊళ్ళ దగ్గర జంక్షన్లు, లారీల వెనక నడక, అన్నీ కలిపితే సగటు 60 నుంచి 65 వస్తుంది. అంతకు మించి ఆశపడితే ప్రమాదం, ఎన్‌హెచ్ 65 మీద యాక్సిడెంట్లు తక్కువేం కాదు.

నేను ముక్కలుగా లెక్కేస్తాను. కూకట్‌పల్లి నుంచి పెద్దఅంబర్‌పేటకు గంట. అక్కడి నుంచి గొల్లపూడికి మూడు ముప్పావు. విజయవాడ దాటడానికి బైపాస్‌లో అరగంట. రాజమండ్రికి రెండుంబావు. అనకాపల్లికి ఇంకో రెండుంబావు. ఊళ్ళోకి ముప్పావు గంట. చక్రం తిరిగే సమయమే పదిన్నర గంటలు. టిఫిన్, భోజనం, టీ, పెట్రోలు కలిపి గంటన్నర. మొత్తం పన్నెండు. పెద్దవాళ్ళుంటే ప్రతి రెండు గంటలకూ ఒకసారి ఆపి కాళ్ళు చాపించాలి, అప్పుడు పదమూడు. ఒక్కరే డ్రైవ్ చేసేటట్టయితే రాజమండ్రిలో ఆ రాత్రి పడుకుని పొద్దున్నే వెళ్ళండి.

సంక్రాంతి ముందు రెండు మూడు రోజులు ఈ లెక్కలేవీ పనిచేయవు. పంతంగి టోల్ గేటు దగ్గర కార్లు ఎలా బారులు తీరతాయో ఏటా టీవీలో చూస్తూనే ఉన్నాం. ఆ రోజుల్లో అర్ధరాత్రి దాటాక బయల్దేరాలి, లేదా రైలు.

7. డబ్బు లెక్క, రైలు మాట

కారు లీటరుకు 15 ఇస్తే 620 కి.మీ.కి 41 లీటర్లు. లీటరు 110 అనుకుంటే 4,550 రూపాయల దాకా. పెట్రోలు తెలంగాణలో కాస్త చవక, అందుకని కోదాడ దాటకముందే ట్యాంకు నింపుకోండి. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు, ఆపైన ఎన్‌హెచ్ 16 మీద పొట్టిపాడు, కలపర్రు నుంచి వేంపాడు దాకా టోల్ గేట్లే. 2025 ఆగస్టు 15న వచ్చిన ఫాస్టాగ్ వార్షిక పాస్ సొంత కారున్నవాళ్ళకు నిజంగా లాభం. 2025లో వచ్చినప్పుడు దాని ధర 3,000 రూపాయలు, ఏడాదిలో 200 సార్లు, అంటే గేటుకు 15 రూపాయలు పడేది. హైదరాబాద్ ఔటర్ మీద మాత్రం అది చెల్లదు, అక్కడ విడిగా పడుతుంది.

నలుగురైదుగురు ఉంటే కారు, ఒక్కరో ఇద్దరో అయితే నెల ముందు కొన్న విమానం టికెట్టో రైలో. వందే భారత్ 2023 జనవరి 15న మొదలైంది, సికింద్రాబాద్ నుంచి దాదాపు ఎనిమిదిన్నర గంటలు. రైలు దూరం అన్నింటికన్నా ఎక్కువ, 699, అయినా కారుకన్నా ముందే దింపుతుంది. ఇక గోదావరి ఎక్స్‌ప్రెస్ 1974 నుంచి తిరుగుతోంది. సాయంత్రం ఎక్కి నిద్రపోతే తెల్లారేసరికి వైజాగ్. పన్నెండు గంటలైనా అందులో ఏడెనిమిది గంటలు నిద్రే కాబట్టి నా దృష్టిలో రోజు వృథా కాని ప్రయాణం అదొక్కటే.

8. ముహూర్తం నుంచి వెనక్కి లెక్కేయండి

చివరి పని. బయల్దేరే టైము ముందు అనుకుని చేరే టైము లెక్కేయకండి, తిప్పి వేయండి. రాత్రి ఎనిమిదిన్నర ముహూర్తం. స్నానం చేసి, చీర మార్చుకుని, మండపానికి చేరాలంటే సాయంత్రం అయిదుకల్లా వైజాగ్‌లో ఉండాలి. కారులో పన్నెండు గంటలు తీసేస్తే తెల్లవారుజామున అయిదు. టైరు పంక్చరో, ఎక్కడో రోడ్డు పనులో ఉంటాయి కాబట్టి ఇంకో గంట తీసేస్తే నాలుగు. విమానమైతే అయిదున్నర గంటలు, విమానం ఆలస్యానికి రెండు గంటలు వదిలితే పొద్దున తొమ్మిదిన్నరకు ఇంట్లోంచి కదలాలి, అంటే పన్నెండున్నర ప్రాంతంలో లేచే విమానం చూసుకోవాలి, సాయంత్రం నాలుగింటిది కాదు. వందే భారత్ కోసం తెల్లవారకముందే లేవాలి. గోదావరి అయితే ముందురోజు సాయంత్రమే నాంపల్లిలో ఎక్కేయాలి.

వచ్చే నెల గాజువాకలో ఇంకో పెళ్ళి ఉంది, ఉదయం పది గంటల ముహూర్తం. బాబాయి నన్ను అడిగితే ఇదే లెక్క వేసి చూపించాను. ముందురోజు గోదావరికి ముగ్గురికీ బెర్తులు తీసుకున్నారు.